పూసలపేరు: బాలింతజ్వరం నుంచి నేటి దాకా ఒక సూక్ష్మజీవి కథ

అమెరికాలో పిల్లల్ని పెంచిన తెలుగువాళ్ళలో 'స్ట్రెప్ థ్రోట్' అన్న మాట వినని వాళ్ళుండరు. పిల్లవాడికి గొంతు నొప్పి, జ్వరం. డాక్టరు దూదిపుల్లతో గొంతులో ఒకసారి తుడిచి, పది నిమిషాలలో 'పాజిటివ్' అంటుంది. గులాబి రంగు అమాక్సిసిలిన్ సీసా ఇంటికొస్తుంది. రెండు రోజులలో పిల్లవాడు మళ్ళీ బడికి వెళ్తాడు. మనం ఆ సంగతి మరచిపోతాం.

కాని ఆ సూక్ష్మజీవికి ఇంకొక ముఖం ఉంది. మన ముత్తవ్వల కాలంలో పురిటి గదిలోకి దూరి, బిడ్డను కన్న నాలుగో రోజునో అయిదో రోజునో తల్లిని ఎత్తుకుపోయిన బాలింతజ్వరానికి ముఖ్యమైన కారణం ఇదే. చిన్న గీత ద్వారా ఒంట్లోకి దూరి, రెండు రోజులలో చెయ్యో కాలో తీసెయ్యవలసిన స్థితికి తెచ్చేదీ ఇదే. గొంతులో ఉన్నంత సేపు ఇది అల్లరి పిల్ల. రక్తంలోకో, కండరాల పొరల్లోకో వెళ్ళిందంటే గంటల లెక్కన మనిషిని తీసుకుపోతుంది. ఈ రెండవ ముఖాన్ని మనుషులు ఎలా గుర్తుపట్టారో, దానికి మందు ఎలా కనుక్కున్నారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో కొంత కథ మన గుమ్మం దాకా వస్తుంది.

ముందు పేరు సంగతి చూద్దాం. స్ట్రెప్టోకాకస్ అన్నది గ్రీకు మాటల జంట. 'స్ట్రెప్టోస్' అంటే మెలితిరిగినది, 'కోకోస్' అంటే గింజ. సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రటి గింజలు ఒకదాని పక్కన ఒకటి దండలా కనిపిస్తాయి. మన భాషలో చెప్పాలంటే పూసలపేరు. ఈ పేరు పెట్టినది ఆస్ట్రియాలో పనిచేసిన బిల్రోత్ అనే శస్త్రవైద్యుడు, 1874లో. ఈ వ్యాసంలో మనకు కావలసిన జాతి పేరు స్ట్రెప్టోకాకస్ పయోజినస్, అంటే చీము పుట్టించే పూసలపేరు.

అబర్డీన్‌లో ఒక జాబితా

'కాన్పు ఆడదానికి పునర్జన్మ' అని మన పెద్దవాళ్ళు అనేవారు. అది అలంకారంగా అన్న మాట కాదు. పురిటికి పుట్టింటికి వెళ్ళిన పిల్ల తిరిగి వస్తుందో రాదో తెలియని కాలం అది. ఒక్క మన దేశంలోనే కాదు, ఐరోపాలోనూ అదే పరిస్థితి. ప్రసవమైన కొద్ది రోజులకు చలి, జ్వరం, పొత్తికడుపులో భరించరాని నొప్పి, ఆ తరువాత సంధి ప్రేలాపన, చివరికి మరణం. కారణం ఏమిటంటే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవారు. గాలి చెడిందన్నారు. తల్లి పాలు దారి తప్పి కడుపులో పేరుకున్నాయన్నారు. గ్రహబలమన్నారు.

స్కాట్లండులోని అబర్డీన్ పట్టణంలో అలెగ్జాండర్ గోర్డన్ అనే వైద్యుడు ఉండేవాడు. 1789 నుంచి 1792 దాకా ఆ ఊళ్ళో బాలింతజ్వరం చెలరేగింది. గోర్డన్ చేసినది చాలా సామాన్యమైన పని. ఒక జాబితా రాశాడు. జబ్బు పడిన 77 మంది స్త్రీలు, వారికి పురుడు పోసిన మంత్రసాని లేక వైద్యుడు ఎవరు అన్నది ఎదురెదురుగా పెట్టి చూశాడు. కొందరు మంత్రసానులు పురుడు పోసిన వాళ్ళకు వరసగా జ్వరం వచ్చింది. మరి కొందరు పోసిన వాళ్ళకు అసలు రాలేదు. అంటే జబ్బు గాలిలో లేదు, పురుడు పోసిన చేతులు మోసుకొస్తున్నాయి. అదే రోజులలో ఊళ్ళో ఎరిసిపెలస్ అనే చర్మవ్యాధి కూడా తిరుగుతూండటం గమనించి, ఈ రెండింటికీ ఏదో చుట్టరికం ఉందన్నాడు. మన ఆయుర్వేదంలో విసర్పి అని పిలిచే జబ్బుకి ఇది దగ్గర. ఒకే సూక్ష్మజీవి రెండింటినీ తెస్తుందని తేలడానికి ఇంకో తొంభై ఏళ్ళు పట్టింది.

1795లో గోర్డన్ పుస్తకం అచ్చయింది. అందులో మంత్రసానుల పేర్లు వేశాడు. తన చేతులు కూడా ఎందరికో ఈ జబ్బు అంటించాయని దాచకుండా రాశాడు. బట్టలు కాల్చేయాలి లేదా పొగ వెయ్యాలి, వైద్యులు, దాదులు శుభ్రంగా కడుక్కోవాలి అన్నాడు. ఊరు ఊరంతా ఆయన మీద తిరగబడింది. ఆయన నౌకాదళంలో తన పాత ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. 1799లో క్షయతో పోయాడు. అప్పటికి 47 ఏళ్ళు.

మనం ఇప్పుడు నివసిస్తున్న ఈ దేశంలో అదే మాట మళ్ళీ అన్నవాడు బోస్టన్ వైద్యుడు ఆలివర్ వెండెల్ హోమ్స్. ఈయన కవి కూడా. సాహిత్య చరిత్రలో ఆయనకు వేరే స్థానం ఉంది. 1843లో బాలింతజ్వరం అంటువ్యాధేనని, దానిని మోసుకెళ్తున్నది వైద్యులేనని ఉదాహరణల మీద ఉదాహరణలు పేర్చి వ్యాసం రాశాడు. ఫిలడెల్ఫియాలో ప్రసూతి శాస్త్రం బోధించే మెగ్స్ అనే పెద్దాయనకు కోపం వచ్చింది. వైద్యులు పెద్దమనుషులు, పెద్దమనుషుల చేతులు మురికిగా ఉండవన్నది ఆయన వాదన. హోమ్స్ వెనక్కి తగ్గలేదు. 1855లో అదే వ్యాసాన్ని మళ్ళీ అచ్చు వేయించాడు.

వియన్నాలో రెండు వార్డులు

వియన్నా జనరల్ ఆస్పత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. మొదటి దానిలో వైద్య విద్యార్థులు పురుళ్ళు పోసేవారు. రెండవ దానిలో మంత్రసానులు. 1846లో మొదటి విభాగంలో 4,010 మంది ప్రసవిస్తే 459 మంది చనిపోయారు. రెండవ దానిలో 3,754 మందికి 105 మంది. ఈ తేడా ఆస్పత్రి గోడలు దాటి ఊరంతా తెలుసు. మొదటి విభాగంలో పడెయ్యవద్దని నిండు గర్భిణులు కాళ్ళు పట్టుకుని బతిమాలేవారు. వీధిలో ప్రసవించి తరువాత ఆస్పత్రికి వచ్చిన వాళ్ళకు కూడా జ్వరం తక్కువే.

అక్కడ సహాయకుడిగా చేరిన హంగరీ వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్‌ని ఈ లెక్క నిద్రపోనివ్వలేదు. రెండు వార్డులలో గాలి ఒకటే, తిండి ఒకటే, మరి తేడా ఎక్కడ? 1847 మార్చిలో ఆయన స్నేహితుడు కొలెచ్కా చనిపోయాడు. శవపరీక్ష చేస్తూండగా ఒక విద్యార్థి కత్తి ఆయనకు గుచ్చుకుంది. ఆయన శరీరంలో కనిపించిన మార్పులు బాలింతల శరీరాలలో కనిపించినవే. అక్కడ తాళం తెరుచుకుంది. విద్యార్థులు పొద్దున్న శవాలు కోసి, ఆ చేతులతోనే వార్డుకి వస్తున్నారు. మంత్రసానులు శవాల జోలికి పోరు.

1847 మే మధ్య నుంచి, వార్డులోకి వచ్చే ప్రతి ఒక్కరూ క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళలో చేతులు కడగాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డులో జూన్‌లో నూటికి ఇద్దరే పోయారు. 1848 మొత్తం మీద 3,556 ప్రసవాలకు 45 మరణాలు. ఏ కొత్త మందూ లేదు. కడిగిన చేతులే.

ఇంత చేసినా పెద్దలు ఒప్పుకోలేదు. సెమ్మెల్‌వైస్ కూడా సౌమ్యుడు కాదు. తనను నమ్మని ఆచార్యులను హంతకులని ఉత్తరాలు రాసేవాడు. 1850లో వియన్నా వదిలి పెస్ట్ నగరానికి వెళ్ళిపోయాడు. 1861లో పుస్తకం వేశాడు. చివరికి మతి చలించి, 1865లో పిచ్చాసుపత్రిలో చేర్పించగా, రెండు వారాలలో ఒంటి మీద గాయం చీము పట్టి, రక్తం విషమెక్కి పోయాడు. ఆయనకీ అప్పుడు 47 ఏళ్ళే.

గొలుసు బొమ్మ, అక్షరాల వరస

1879 మార్చిలో పారిస్ వైద్య అకాడమీలో ఒక వైద్యుడు బాలింతజ్వరానికి కారణాల మీద ఉపన్యసిస్తున్నాడు. లూయీ పాశ్చర్ మధ్యలో లేచి, ఆ జబ్బుకి కారకుడు ఇదిగో అంటూ నల్లబల్ల మీద గింజల గొలుసు బొమ్మ గీశాడు. గోర్డన్, హోమ్స్, సెమ్మెల్‌వైస్ ముగ్గురూ కళ్ళతో చూడలేకపోయిన శత్రువు అది. 1883లో ఫెహ్లైసెన్ అనే జర్మన్ వైద్యుడు ఎరిసిపెలస్ రోగుల నుంచి అదే గొలుసును వేరుచేసి పెంచాడు. గోర్డన్ ఊహించిన చుట్టరికం రుజువైంది.

అయితే ఈ పూసలపేర్లు ఒకటి కాదు, చాలా రకాలు. కొన్ని మన నోట్లో ఏ హానీ చెయ్యకుండా కాపురం ఉంటాయి. మనం పాలు తోడు వేస్తే పెరుగయ్యేందుకు తోడ్పడే వాటిలోనూ ఈ వంశం వాళ్ళున్నారు. ఏది మంచిది, ఏది చెడ్డది? ఈ చిక్కు విప్పినది న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన రెబెకా లాన్స్‌ఫీల్డ్. 1933లో ఈ జీవుల పైపొరలోని పదార్థాలను బట్టి వాటికి ఎ, బి, సి అని అక్షరాలు కేటాయించింది. మనుషులను పీడించేది ముఖ్యంగా ఎ వర్గం. గర్భిణులకు నెలలు నిండే సమయంలో అమెరికాలో చేసే 'గ్రూప్ బి' పరీక్షలోని బి కూడా ఈవిడ పెట్టినదే. అది పుట్టే బిడ్డకు ప్రమాదం తెచ్చే వేరొక వర్గం. ఈ రెంటినీ కలిపి గందరగోళపడే వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

ఎ వర్గానికి ఎమ్ ప్రోటీన్ అనే ముళ్ళ కంచె లాంటి పొర ఉందని, దాని మూలంగా మన తెల్లకణాలు దానిని మింగలేకపోతున్నాయని కూడా లాన్స్‌ఫీల్డే చూపించింది. ఈ కంచెలో ఇప్పటికి 200కి పైగా రకాలు గుర్తించారు. ఒక రకాన్ని మన శరీరం ఎదుర్కోవడం నేర్చుకున్నా ఇంకో రకం దగ్గర మళ్ళీ మొదటికి వస్తుంది. గొంతు నొప్పి మళ్ళీ మళ్ళీ రావడానికీ, ఈనాటికీ టీకా రాకపోవడానికీ ఇదొక కారణం.

ఇక్కడొక చిన్న ముచ్చట. లాన్స్‌ఫీల్డ్ పుట్టినది 1895 జనవరి 5న, న్యూయార్క్‌లో. సరిగ్గా వారం తరువాత, జనవరి 12న, భీమవరంలో పుట్టాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1940లో హార్వర్డ్ నుంచి లెడర్లీ సంస్థకు వచ్చి, న్యూయార్క్ నగరానికి దగ్గరలోని పెర్ల్ రివర్‌లో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసినది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది మొదటి మందు. 1948లో బయటి ప్రపంచానికి తెలిసింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. ఆ మందు ఎన్నో జబ్బులను జయించింది. కాని మన కథలోని పూసలపేరులో చాలా రకాలు కాలక్రమాన టెట్రాసైక్లిన్లను తట్టుకోవడం నేర్చేశాయి. ఈ శత్రువు మీద నేటికీ వాడి తగ్గని కత్తి వేరే ఉంది. ఆ సంగతికి వద్దాం.

ఎర్రరంగు మందు

సూక్ష్మజీవి తెలిసిన యాభై ఏళ్ళ దాకా మందు దొరకలేదు. 1932 చివరిలో జర్మనీలోని బాయర్ ప్రయోగశాలలో గెర్హార్డ్ డోమాక్ ఎలుకలకు ఈ స్ట్రెప్టోకాకస్‌ను ఎక్కించి, ఒక గుంపుకు బట్టలకు వేసే రంగుల వంశానికి చెందిన ఎర్రటి పదార్థం ఇచ్చాడు. మందు పడిన ఎలుకలన్నీ బతికాయి. పడనివి చచ్చాయి. 1935 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రచురించాడు. ఆ మందు పేరు ప్రోంటోసిల్. అదే సంవత్సరం చివరిలో డోమాక్ ఆరేళ్ళ కూతురికి చేతిలో సూది గుచ్చుకుని చీము పట్టి పైకి పాకింది. చెయ్యి తీసెయ్యాలన్నారు. తండ్రి తన మందే ఇచ్చాడు. పిల్లా దక్కింది, చెయ్యీ దక్కింది.

లండన్ క్వీన్ షార్లట్స్ ఆస్పత్రిలో లెనర్డ్ కోల్‌బ్రుక్ బాలింతజ్వరం రోగుల మీద దీనిని ప్రయోగించి 1936లో ఫలితాలు ప్రకటించాడు. అంతకు ముందు నూటికి ఇరవైకి పైగా ఉన్న మరణాలు అయిదు లోపుకి దిగాయి. అదే సంవత్సరం చివరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొడుకు బోస్టన్‌లో స్ట్రెప్టోకాకస్‌తో మంచాన పడి, ఈ మందుతోనే లేచాడు. దానితో మందు పేరు ఈ దేశంలో ఇంటింటా మోగిపోయింది.

ఈలోగా పారిస్‌లో పాశ్చర్ సంస్థ వాళ్ళు, ఎరుపు రంగుకి పని లేదని, శరీరంలో అది విడిపోయి వచ్చే సల్ఫనిలమైడే అసలు మందని తేల్చారు. అది పాత పదార్థం, చవక. ఎవరైనా చేసుకోవచ్చు. చేసుకున్నారు కూడా. 1937లో ఒక అమెరికన్ కంపెనీ దానిని విషపూరితమైన డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి తియ్యటి మందుగా అమ్మితే వందకు పైగా మంది చనిపోయారు. వారిలో పిల్లలు ఎందరో. ఆ గోలతోనే 1938లో అమెరికా ఆహార, ఔషధ చట్టం వచ్చింది. కొత్త మందు అమ్మే ముందు ప్రమాదం లేదని చూపించాలన్న నియమం మనకు అలా దక్కింది.

ఒక చెంచాడు పెన్సిలిన్

1942 మార్చిలో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ ఆస్పత్రిలో ఆన్ మిల్లర్ అనే 33 ఏళ్ళ నర్సు చావుబతుకుల మధ్య ఉంది. గర్భస్రావమయ్యాక స్ట్రెప్టోకాకస్ రక్తంలోకి చేరింది. నెల రోజులుగా జ్వరం, 107 డిగ్రీల దగ్గరకి కూడా వెళ్ళింది. సల్ఫా మందులు ఇచ్చారు, రక్తం ఎక్కించారు, శస్త్రచికిత్స చేశారు. ఏదీ పని చెయ్యలేదు. ఇంగ్లండులో ఫ్లోరీ బృందం పెన్సిలిన్‌ను మందుగా తయారు చేస్తోందని తెలిసిన వైద్యులు, మెర్క్ కంపెనీ నుంచి కొంచెం సంపాదించారు. ఆ 'కొంచెం' అయిదున్నర గ్రాములు, సుమారు ఒక పెద్ద చెంచాడు. అప్పటికి అమెరికా దేశం మొత్తం మీద ఉన్న పెన్సిలిన్‌లో అది సగం! మార్చి 14న ఇంజెక్షను ఇచ్చారు. మర్నాటికి జ్వరం దిగింది. మందు ఎంత అపురూపమంటే, ఆమె మూత్రాన్ని పట్టి, అందులోంచి పెన్సిలిన్ మళ్ళీ తీయడానికి వెనక్కి పంపారు. ఆవిడ 1999 దాకా, 90 ఏళ్ళు బతికింది.

ఇంకొక ఆశ్చర్యం ఏమిటంటే, ఆ తరువాత ఎన్నో సూక్ష్మజీవులు పెన్సిలిన్‌కు లొంగకుండా తయారైనా, ఈ ఎ వర్గం స్ట్రెప్టోకాకస్ మాత్రం ఎనభై ఏళ్ళు దాటినా దానికి లొంగుతూనే ఉంది.

మందు ఉండి కూడా ఎందుకు పోతున్నారు?

అలాంటప్పుడు కథ అక్కడితో ముగియాలి కదా? ముగియలేదు. 1952లో హారీ ఈగిల్ అనే శాస్త్రవేత్త ఎలుకల కండరాలలోకి ఈ జీవిని ఎక్కించి చూశాడు. వెంటనే పెన్సిలిన్ ఇస్తే ఎలుకలు బతికాయి. కొన్ని గంటలు ఆలస్యమైతే అదే మందు ఇచ్చినా చచ్చాయి. కారణం ఇదీ: పెన్సిలిన్ పనిచేసేది సూక్ష్మజీవి పెరుగుతూ, గోడ కట్టుకుంటున్న సమయంలో. అవి కిక్కిరిసిపోయి పెరగడం మానేశాక కట్టడం ఉండదు, మందుకి పని ఉండదు. కాని అవి అప్పటికే వదిలిన విషాలు తమ పని తాము చేసుకుపోతాయి.

ఆ విషాలు మామూలువి కావు. సాధారణంగా ఒక సూక్ష్మజీవి వస్తే మన రక్షక కణాలలో పదివేలకు ఒకటి మేలుకుంటుంది. ఈ స్ట్రెప్టోకాకస్ విషాలు అయిదింట ఒక వంతు దాకా కణాలను ఒక్కసారే లేపేస్తాయి. ఊళ్ళో దొంగ పడితే కాపలావాడు లేవడం వేరు, ఊరంతా చీకట్లో కర్రలు పట్టుకుని ఒకరినొకరు కొట్టుకోవడం వేరు. రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు ఒకదాని తరువాత ఒకటి మూలపడతాయి. దీనినే స్ట్రెప్టోకాకల్ టాక్సిక్ షాక్ అంటారు. ఇది వచ్చిన పది మందిలో ముగ్గురి దాకా ఈనాటికీ చనిపోతున్నారు.

రెండో రూపం, చర్మం కింద కండరాలను కప్పి ఉంచే పలచని పొర వెంట కుళ్ళు పాకిపోవడం. 1924లో పెకింగ్‌లో పనిచేసిన మెలెనీ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు అటువంటి 20 మంది రోగుల గురించి వివరంగా రాసి, వెంటనే కోసి తెరవాలన్నాడు. 1952లో దానికి నెక్రొటైజింగ్ ఫేషియైటిస్ అన్న పేరు వచ్చింది. పత్రికలవాళ్ళు దానిని 'మాంసం తినే బేక్టీరియా' చేశారు. నిజానికి అది తినదు, విషంతో చంపుతుంది.

1980ల నాటికి ఈ జబ్బు అణగిపోయిందని అందరూ అనుకుంటున్న సమయంలో మళ్ళీ తల ఎత్తింది. 1989లో డెనిస్ స్టీవెన్స్, ఆయన సహచరులు 20 మంది రోగుల కథ ప్రచురించారు. వారిలో చాలామంది అంతకు ముందు ఆరోగ్యంగా ఉన్నవారే. మరుసటి ఏడాది మే 16న, మన పిల్లలు టీవీలో చూసి మురిసే 'సెసమీ స్ట్రీట్' బొమ్మలను సృష్టించిన జిమ్ హెన్సన్ 53 ఏళ్ళకే పోయాడు. మామూలు జలుబు, గొంతు నొప్పి అనుకున్నాడు. ఆస్పత్రిలో చేరిన ఒక్క రోజు లోపలే ప్రాణం పోయింది. కారణం ఎ వర్గం స్ట్రెప్టోకాకస్. 1994 డిసెంబరులో కెనడా రాజకీయ నాయకుడు లూసియెన్ బూషార్ ఒక కాలు పోగొట్టుకుని బతికాడు.

స్టీవెన్స్ బృందం ఈగిల్ పాత ప్రయోగాన్ని మళ్ళీ చేసి, క్లిండమైసిన్ అనే మందు ఆలస్యంగా ఇచ్చినా ఎలుకలను బతికించగలదని 1988లో చూపించారు. అది గోడ జోలికి పోదు. సూక్ష్మజీవి లోపల ప్రోటీన్లు తయారయ్యే కార్ఖానానే ఆపేస్తుంది. కార్ఖానా ఆగితే విషం ఆగుతుంది. అందుకే ఈనాడు తీవ్రమైన కేసులలో పెన్సిలిన్, క్లిండమైసిన్ రెండూ కలిపి ఇస్తారు. సెలైన్ ఎక్కించి రక్తపోటు నిలబెడతారు. కొందరికి దాతల రక్తం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తారు. కుళ్ళు పట్టిన చోట మాత్రం మందులు చాలవు, ఎందుకంటే చచ్చిన కండకు రక్తం అందదు, రక్తంలోని మందూ అందదు. శస్త్రవైద్యుడు కోసి తీసెయ్యాలి, అవసరమైతే మర్నాడు మళ్ళీ.

చరిత్ర నేర్పిన గుర్తులు

ఈ పరిజ్ఞానమంతా ఎంత ఉన్నా, రోగి సమయానికి వెళ్ళకపోతే నిరుపయోగం. వెళ్ళినా గుర్తుపట్టకపోతే అంతే. 2012లో న్యూయార్క్‌లో 12 ఏళ్ళ పిల్లవాడు బడిలో ఆడుతూ చెయ్యి గీరుకున్నాడు. జ్వరం, వాంతులు, కాలు నొప్పి. కడుపులో తేడా అనుకుని ఇంటికి పంపారు. కొద్ది రోజులలోనే పోయాడు. ఆ తల్లిదండ్రుల పోరాటంతో, రక్తం విషమెక్కడాన్ని వెంటనే గుర్తించే పద్ధతులు ప్రతి ఆస్పత్రిలోనూ ఉండాలని న్యూయార్క్ రాష్ట్రం 2013లో నిబంధనలు పెట్టింది.

ఇంట్లో మనం చూడవలసినవి వైద్యులు పదే పదే చెప్పేవే. మొదటిది, గాయానికి తగని నొప్పి. పైకి చిన్న ఎరుపు, లేదా ఏమీ కనబడదు, నొప్పి మాత్రం ప్రాణం తోడేస్తుంది. రెండవది, ఎరుపు, వాపు గంటగంటకీ పాకడం. పెన్నుతో అంచు గీసి చూస్తే తెలిసిపోతుంది. మూడవది, జ్వరంతో పాటు కళ్ళు తిరగడం, ఒళ్ళు చల్లబడటం, మూత్రం తగ్గడం, ఆయాసం, మాట తడబడటం. నాలుగవది, ఆటలమ్మ పోసిన పిల్లవాడికి తగ్గిన జ్వరం మళ్ళీ రావడం లేదా ఒకచోట బాగా వాచి నొప్పి పుట్టడం. ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు నొప్పినీ జ్వరాన్నీ కప్పిపుచ్చగలవని గుర్తుంచుకోవాలి. మధుమేహం ఉన్నవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇవి కనిపిస్తే మర్నాడు అపాయింట్‌మెంటు కోసం చూడకుండా ఎమర్జెన్సీకే వెళ్ళాలి.

మన ఇళ్ళ విషయానికి వస్తే రెండు సందర్భాలు చెప్పాలి. పురుడు పోయడానికి ఇండియా నుంచి అమ్మో అత్తగారో వస్తారు. బాలింతకు ఒళ్ళు వెచ్చబడితే, "పాలు పడేటప్పుడు కాస్త జ్వరం వస్తుందిలే అమ్మా, మిరియాల కషాయం తాగు" అంటారు. ప్రేమతో అన్న మాటే. కాని పాలే కారణమని ఒకప్పటి వైద్యులు కూడా చెప్పారు. ప్రసవం తరువాత 100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం వస్తే, పొత్తికడుపు నొప్పి తోడైతే, అర్ధరాత్రయినా సరే ఫోన్ చెయ్యవలసిందే.

రెండవది, ఆ వచ్చిన పెద్దవాళ్ళ సంగతి. విజిటర్ వీసా మీద ఉన్నారు, ఇన్సూరెన్సు అంతంతమాత్రం. పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తూంటే కాలికి ముల్లు గుచ్చుకుంది. ఆయన నోట "కాస్త సలుపుగా ఉందిరా, అదే పోతుంది" అన్న మాట తప్ప రాదు. పిల్లలకు ఖర్చు పెట్టించడం ఇష్టం లేక పళ్ళ బిగువున భరిస్తాడు. మన పెద్దల ఓర్పు ఈ ఒక్క జబ్బులో ప్రాణాంతకం. ఎందుకంటే ఇందులో మొట్టమొదటి గుర్తు ఆ నొప్పే, దానినే వాళ్ళు దాస్తారు. అందుకే నొప్పి ఎంత అని అడిగి వదిలెయ్యకుండా, నిన్న నడిచినట్టు ఇవాళ నడుస్తున్నారా, రాత్రి నిద్రపోయారా అని కనిపెట్టి చూడాలి. డాక్టరు దగ్గర కూడా, "మా నాన్నగారు నొప్పి తక్కువ చేసి చెబుతారు" అని మనం నోరు విప్పి చెప్పాలి. డబ్బు సంగతి ఒకటి తెలుసుకోవడం మంచిది. 1986లో వచ్చిన ఎంటాలా అనే చట్టం ప్రకారం, మెడికేర్ తీసుకునే ఆస్పత్రుల ఎమర్జెన్సీ గదులు, వచ్చిన మనిషి ఎవరైనా, చెల్లించగలిగినా లేకపోయినా, పరీక్ష చేసి ప్రాణాపాయం నుంచి స్థిమితపడేలా చికిత్స చెయ్యాలి. బిల్లు తరువాత వస్తుంది, నిజమే. బిల్లుతో బేరమాడవచ్చు.

ఇక మన దేశం వైపు చూస్తే, ఇదే సూక్ష్మజీవి ఇంకో దారిలో మనవాళ్ళను పీడిస్తోంది. మందు పడని గొంతు నొప్పి వల్ల కీళ్ళవాతపు జ్వరం వచ్చి, గుండె కవాటాలు పాడైన మేనత్తో, చిన్నాన్నో మన బంధువర్గాలలో చాలామందికి ఉంటారు. 2005లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ఎ వర్గం స్ట్రెప్టోకాకస్ తెచ్చే తీవ్రమైన జబ్బులన్నీ కలిపి ప్రపంచంలో ఏటా అయిదు లక్షలకు పైగా ప్రాణాలు తీస్తున్నాయి. వాటిలో పెద్ద వాటా ఈ గుండె జబ్బుదే. అందుకే పిల్లవాడికి రెండు రోజులకే నయమైనా పది రోజుల గులాబి మందు పూర్తిగా పట్టించమంటారు.

ఈ శత్రువు ఎక్కడికీ పోలేదు. 2022 శీతాకాలంలో బ్రిటన్‌లోనూ ఐరోపాలో మరికొన్ని దేశాలలోనూ పిల్లలలో తీవ్రమైన కేసులు పెరిగాయి. జపాన్‌లో 2023లో 941 టాక్సిక్ షాక్ కేసులు నమోదైతే, 2024లో జూన్ మొదటికే ఆ సంఖ్య దాటిపోయింది. టీకా కోసం పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. అది వచ్చే దాకా మనకున్నవి గోర్డన్ చూసిన చూపు, సెమ్మెల్‌వైస్ కడిగిన చేతులు, ఆన్ మిల్లర్‌ను బతికించిన మందు. మూడూ మన చేతికి అందేవే. ఈ వారం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు, వేసవికి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ఇంట్లో పురుడు వచ్చినప్పుడు ఈ నాలుగు గుర్తులు మాటల్లో పెట్టి చెప్పండి.